అది మూడా, ఎనిమిదా

జులై 3, గురువారం

కాల్షియం ఫాస్ఫేట్‌లో పరమాణువులు పద్దెనిమిది అని ఇవాళ తరగతిలో బోర్డు మీద రాశాను.

పదమూడు.

Ca₃(PO₄)₂. కాల్షియంలు మూడు. బ్రాకెట్‌లో ఒక ఫాస్ఫరస్, నాలుగు ఆక్సిజన్‌లు, వెరసి ఐదు. బయట రెండు ఉంది కాబట్టి ఆ ఐదూ రెండింతలు. పదీ మూడూ పదమూడు. వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలిసినంత బాగా తెలుసు నాకు. అయినా పుస్తకంలోంచి బోర్డు మీదకి ఎక్కిస్తూ ఆ మూడుని ఎనిమిది చేశాను. ఎనిమిదీ పదీ పద్దెనిమిది. జవాబు కింద గీత కూడా గీశాను. ఒకటి కాదు, రెండు. ఏం ధీమా!

వెనకాల గుసగుసలు మొదలయ్యాయి. రెండో బెంచీలో రెండు జడల పిల్ల లేచి నిలబడింది.

"టీచర్, పుస్తకంలో మూడే ఉంది."

"పొరపాటైంది" అంటే సరిపోయేది. ఒక్క మాట. దానికి బదులు నా నోటివెంట వచ్చిందేమిటంటే: "కావాలనే వేశాను. ఎవరు కనిపెడతారో చూద్దామని!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు వీపంతా చెమట.

ఎవరితో చెప్పుకోను? అందుకే ఈ డైరీ. లెన్సుల కంపెనీ వాళ్లు మా ఆయన కళ్లద్దాల షాపుకి ఊరికే ఇచ్చింది, అల్మరాలో పడి ఉంది. కాగితం మంచిది. ప్రతి పేజీ అడుగునా సన్నగా చుక్కల అంచేదో వేశారు, ముచ్చటగా ఉంది.

నెలాఖరులో పెద్ద మేడమ్ వచ్చి నా క్లాసులో కూర్చుంటారు. ఆవిడ బాగుందంటే ఉద్యోగం ఖాయం. లేదంటే మళ్లీ ఆయన షాపులో ఫ్రేములు తుడుచుకుంటూ, బిల్లులు రాసుకుంటూ ఉండటమే. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పట్టా బీరువాలో పెట్టేసి, మొన్నటి వేసవి దాకా చేసింది అదే కదా.

జులై 4, శుక్రవారం

రాత్రంతా ఒకటే ఆలోచన. ఇన్నేళ్లు వాడకపోతే బుర్ర కరిగిపోతుందా? పటిక ముక్కలాగా, అడుగునుంచి, చప్పుడు లేకుండా?

సాయంత్రం షాపుకి వెళ్లి ఆయనతో మామూలుగా అన్నట్టే అన్నాను, ఈమధ్య అంకెలు తారుమారవుతున్నాయని. ఆయన ఏదో ఫ్రేముకి మర బిగిస్తూ తలెత్తకుండానే అన్నారు.

"ఏమోయ్, ఒకసారి కూర్చో, చూస్తాను. నలభై దాటాక చత్వారం..."

"నాకా?"

గుమ్మంలోనే నిలబడి గోడ మీద అక్షరాల చార్టులో ఆఖరి లైను గడగడా చదివేశాను. కుర్చీలో కూర్చున్న పెద్దాయన నోరు తెరిచి, "నాకు మొదటి లైనే కనబడట్లేదమ్మా" అన్నాడు పాపం.

"దూరం చూపు సంగతి కాదు నేననేది" అంటూనే ఉన్నారాయన. నేను వచ్చేశాను. అందరికీ చత్వారం అంటగట్టడం ఆయనకి అలవాటు, అదే వ్యాపారం మరి.

ఏదైతేనేం, తేలిపోయింది. కళ్లు భేషుగ్గా ఉన్నాయి. కాబట్టి లోపం బుర్రలోనే.

జులై 7, సోమవారం

ఈమధ్య నాలుగు వాక్యాలకే పేజీ నిండిపోతోంది. ఆలోచనలు అంత లోతుగా ఉన్నాయన్నమాట.

జులై 9, బుధవారం

ఇవాళ జరిగింది రాయడానికి చేయి రావడం లేదు.

బట్టల సోడా. Na₂CO₃·10H₂O. సోడియంలు రెండు, కార్బన్ ఒకటి, ఆక్సిజన్‌లు మూడు, అవి ఆరు. తర్వాత చుక్క. చుక్క తర్వాత పది నీళ్లు, నీటికి మూడు చొప్పున ముప్ఫై. మొత్తం ముప్ఫై ఆరు. కాలేజీలో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

పుస్తకంలో ఆ చుక్క లేదు. ఉందట. నాకు లేదు. గబగబా బోర్డు మీదకి ఎక్కించేసి, లెక్కపెట్టండర్రా అని వెనక్కి తిరిగాను. తరగతంతా తలలు వంచి కూడికలు. చివరి బెంచీలోంచి గొంతు వచ్చింది.

"మూడువందల పదహారు, టీచర్!"

తిరిగి చూద్దును కదా, మూడూ పదీ కలిసిపోయి ఆక్సిజన్ కింద మూడువందల పది! ఒక్క కార్బన్‌ని పట్టుకుని మూడువందల పది ఆక్సిజన్‌లు వేలాడుతున్నాయి. పండగనాడు బస్సు ఫుట్‌బోర్డులా ఉంది. ఇంకెవరైనా అయితే అక్కడే కూలబడేవారు. నేను నవ్వాను. నవ్వి, "కనిపెట్టారా లేదా?" అన్నాను.

ఇక చూడాలి ఆ పిల్లల సంబరం! "టీచర్, ఈసారి భలే తప్పు పెట్టారు!" "నేను ముందే చూశాను టీచర్!" "చుక్క మింగేశారు టీచర్!" తప్పు దొరికిన వాళ్లు దొరకని వాళ్లకి చుక్క అంటే ఏమిటో చెప్తున్నారు, బెంచీలెక్కి మరీ. నేను చెప్తే ఏనాడైనా అంత శ్రద్ధగా విన్నారా?

పుస్తకం అచ్చు వేసినవాణ్ణి అనాలి. అంత చిన్న అక్షరాలు మనుషులు చదవడానికేనా?

జులై 11, శుక్రవారం

పెద్ద మేడమ్ పిలిపించారు. మెట్లెక్కుతూ రాజీనామా మాటలు కూడబలుక్కున్నాను.

ఆవిడ గది నాకెప్పుడూ భయమే. టేబుల్ అద్దం కింద ఒక్క కాగితం ఉండదు, గోడ గడియారం కూడా నెమ్మదిగా మాట్లాడుతుంది.

"కూర్చోమ్మా. నీ క్లాసు గురించి విన్నాను."

"మేడమ్, అది..."

"బోర్డు మీద కావాలని తప్పు రాసి పిల్లల చేత పట్టిస్తున్నావట. అద్భుతం! నా సర్వీసులో ఇలాంటి ఆలోచన ఒక్కరికీ రాలేదు. ఇరవై నాలుగున నీ క్లాసుకి వస్తున్నానుగా, నాకు ఆ పద్ధతే చూపించాలి. పరమాణువులు లెక్కపెట్టే పాఠమే పెట్టు."

ఆ క్షణంలో నిజం చెప్పొచ్చు. నోరు తెరిచాను కూడా. "అలాగే మేడమ్" అని వచ్చింది.

స్టాఫ్ రూములో లెక్కల సార్ టీ కప్పు పట్టుకుని నా దారికి అడ్డంగా నిలబడ్డారు. "మీరు అదృష్టవంతులండీ. మేం తప్పు చేస్తే తప్పంటారు, మీరు చేస్తే పద్ధతంటున్నారు!"

నవ్వేశాను. ఆయనకి తెలుసా? తెలియదు. తెలుసేమో.

జులై 13, ఆదివారం

కావాలని తప్పు చేయడం ఇంత కష్టమని ఎవరైనా చెప్పారా? చెప్పరు. ఎవరికీ ఆ అవసరం పడలేదు కనుక.

పొద్దున్నుంచీ కూర్చుని తప్పులు తయారుచేస్తున్నాను. మరీ పెద్దదైతే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. మరీ చిన్నదైతే పెద్ద మేడమ్‌కి ఆనదు. ఎవరికీ దొరక్కపోతే? నాకే దొరక్కపోతే? నిజం తప్పులు ఎంత హాయిగా, అడక్కుండా వచ్చేవి!

చివరికి అల్యూమినియం సల్ఫేట్ దగ్గర ఆగాను. Al₂(SO₄)₃. అల్యూమినియంలు రెండు, బ్రాకెట్‌లో ఐదు, మూడింతలు పదిహేను, మొత్తం పదిహేడు. బయటి మూడుని ఆక్సిజన్‌కి మాత్రమే వేసి సల్ఫర్‌ని వదిలేస్తే, రెండూ ఒకటీ పన్నెండూ పదిహేను వస్తుంది. పిల్లలు నిజంగా చేసే తప్పు. మర్యాదగల తప్పు.

వినేవాళ్లు కావాలి కదా, అత్తయ్యని కూర్చోబెట్టాను. ఆవిడ కళ్లద్దాలు నుదుటి మీదకి తోసుకుని బాసింపట్టు వేసుకున్నారు. ఆ అద్దాల ఒక కాడకి దారం కట్టి ఉంటుంది. కొడుక్కి షాపు నిండా ఫ్రేములున్నాయి, ఆవిడ మాత్రం అవి మార్చనివ్వరు.

"బ్రాకెట్ అంటే ఒక అద్దె వాటా అనుకోండి అత్తయ్యా. అందులో సల్ఫర్ ఇంటి పెద్ద, ఆక్సిజన్‌లు నలుగురు పిల్లలు. బయట మూడు ఉందంటే అలాంటి వాటాలు మూడు."

"వాటాకి ఐదుగురా? బాత్రూం ఎవరిది వాళ్లకేనా?"

"వాళ్లకేనండీ. ఇప్పుడు లెక్క. అల్యూమినియంలు రెండు. సల్ఫర్ ఒకటి. ఆక్సిజన్‌లు పన్నెండు. మొత్తం పదిహేను."

"అదేమిటమ్మాయ్! పిల్లల్ని మూడు వాటాల్లోనూ లెక్కేశావు, పెద్దవాణ్ణి ఒక్క వాటాలోనే లెక్కేశావు. మిగతా రెండిళ్లలో పిల్లలు దిక్కులేనివాళ్లా?"

"కావాలనే చేశానండీ."

"కావాలని చేసేవాళ్ల మొహం అలా ఉండదు" అని అద్దాలు మళ్లీ ముక్కు మీదకి దించుకుని నన్ను పరీక్షగా చూశారు.

జులై 17, గురువారం

హాల్లో బల్బు మార్పించాను. ఇది పాతదానికంటే గుడ్డిది.

జులై 20, ఆదివారం

ఇరవై నాలుగున చెప్పే పాఠం చూసుకుంటూ కిటికీ దగ్గర కూర్చున్నాను. కిటికీ దగ్గర గాలి బాగుంటుంది. అత్తయ్య కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

"ఆ పుస్తకం ఏమైనా కరుస్తుందా, అంత దూరం పెట్టావ్?"

"లేదండీ, ఇలా అయితే మొత్తం పేజీ ఒకేసారి కనబడుతుందని."

"మంచిదేలే. చేతులు ఇంకాస్త పొడుగ్గా ఉంటే నీకు జన్మలో అద్దాలక్కర్లేదు." అని తన అద్దాలు తీసి నా ఒళ్లో పెట్టారు. "పెట్టుకో."

నేను పెట్టుకోలేదు.

ఆవిడ నొచ్చుకుంటారని ఒక్క క్షణం పెట్టుకున్నాను.

అది మూడు.

కాల్షియం పక్కన మూడు. రెండు కొనలూ తెరుచుకుని, ఎనిమిదితో ఏ చుట్టరికమూ లేకుండా, మొదటినుంచీ అక్కడే ఉన్నట్టు కూర్చుంది. పేజీ తిప్పాను. బట్టల సోడా మధ్యలో చుక్క ఉంది. నల్లగా, గుండ్రంగా, ఆవగింజంత. అది కనబడకపోవడమేమిటి, మనిషన్నాక?

అత్తయ్య అద్దాలు తీసుకుని చీర చెంగుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

అసలు సిగ్గు ఇది కాదు. పక్కవాళ్లని పట్టుకోవడానికి కాల్షియానికి చేతులు రెండు, ఫాస్ఫేట్‌కి మూడు. రెండు వైపులా చేతులు సరిపోవాలంటే కాల్షియంలు మూడే ఉండాలి. ఎనిమిది ఉండటానికి వీల్లేదు. పుస్తకం మూసేసి కళ్లకి గంతలు కట్టుకున్నా ఈ సంగతి నాకు తెలుసు. ఇన్నాళ్లూ నా బుర్రని అనుమానించాను గాని, దాన్నొక్క మాట అడిగి చూడలేదు.

జులై 21, సోమవారం

షాపులో జనం లేని వేళ చూసి వెళ్లాను. ఆయన ఒక్క ముక్క ఎత్తిపొడవలేదు. అద్దాల చట్రం నా ముక్కు మీద పెట్టి, ఇన్నేళ్లూ వచ్చిపోయే వాళ్లందరినీ అడిగినట్టే అడిగారు.

"ఇది బాగుందా... ఇది బాగుందా?"

"మళ్లీ మొదటిది చూపించండి."

"ఇది బాగుందా... ఇది?"

"మధ్యలో ఇంకోటి చూపించారు కదా, అదేది?"

"మధ్యలో ఏం చూపించలేదోయ్. రెండే ఉన్నాయి."

ఇద్దరు కస్టమర్లు వచ్చి వెనక నిలబడ్డారు. చివరికి రాక్‌లో ఉన్న రెడీమేడ్ జత ఒకటి చేతిలో పెట్టి, "ముందు క్లాసు అవనీ, తర్వాత తీరిగ్గా చూద్దాం" అన్నారు.

బడి సంచీలో పెట్టుకున్నాను. బడికి మాత్రమే. డైరీకి అక్కర్లేదు. రాసేది నేనే కదా, ఏం రాశానో నాకు తెలీదా?

జులై 23, బుధవారం

కొత్త చిక్కు వచ్చి పడింది. అద్దాలు పెట్టుకుంటే తప్పులు రావు. పెద్ద మేడమ్ రేపు వచ్చేదే తప్పు చూడ్డానికి. పెట్టుకోకపోతే ఎన్ని తప్పులు వస్తాయో నా చేతిలో లేదు.

మర్యాదగల తప్పు ఒకటి ఉందిగా, అది చాలు. పదిహేను. పదిహేను. పదిహేను.

పొద్దున బస్సు దిగుతూ కండక్టర్‌తో కూడా పదిహేను అన్నానట.

జులై 24, గురువారం

పెద్ద మేడమ్ చివరి బెంచీలో కూర్చున్నారు. పక్కన లెక్కల సార్, ఎవరూ పిలవకుండానే. ఇద్దరి చేతుల్లోనూ పాఠ్యపుస్తకం.

అద్దాలు తీసి పెట్టుకున్నాను. "టీచర్‌కి అద్దాలు! టీచర్‌కి అద్దాలు!" అని తరగతి ఒక్కసారి గోల. నేను తలెత్తేసరికి ఆ గోల చేసినవాళ్లెవరూ లేరు. ఎదురుగా పొగ, పొగలో అక్కడక్కడా రిబ్బన్లు. ఆ అద్దాల్లోంచి దూరం కనబడదు. పెద్ద మేడమ్ ఉన్నారో లేచి వెళ్లిపోయారో కూడా తెలియదు. ఎంత ధైర్యం వచ్చిందో!

బోర్డు వైపు తిరిగాను. బోర్డు దగ్గరే కదా, అంతా స్పష్టంగా ఉంది. Al₂(SO₄)₃ రాశాను. అద్దె వాటాల కథ చెప్పాను. "బాత్రూం ఎవరిది వాళ్లకేనా టీచర్?" అని ఎవరో అడిగారు. అత్తయ్య పొగలోకి ఎలా వచ్చారా అనుకున్నాను ఒక క్షణం.

అల్యూమినియంలు రెండు. ఇప్పుడు సల్ఫర్. ఇక్కడే ఒకటి రాయాలి. సుద్దముక్క బోర్డుకి ఆనించి పెట్టాను. ఒకటి రాయి, అంతే, ఒక్క గీత.

చేయి కదల్లేదు. ఎన్నాళ్లకి నాకు అంకెలు అంత శుభ్రంగా కనబడ్డాయి! వాటిని నా చేత్తో నేను పాడుచేయలేకపోయాను. మూడు అని రాశాను. ఆక్సిజన్‌లు పన్నెండు. మొత్తం పదిహేడు. రెండు గీతలు గీశాను.

"అయిపోయింది" అన్నాను.

అందరూ పుస్తకాల్లోకి వంగిన చప్పుడు. వేళ్ల మీద లెక్కలు.

"తప్పెక్కడ టీచర్?"

"లేదు."

"ఉంది, దాచారు!"

"నిజంగా లేదర్రా."

నమ్మితేగా! ఒక బెంచీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఇంకో బెంచీ చివరినుంచి. ఒకడు మూడు వాటాలూ బొమ్మ గీసి ఒక్కొక్కర్నీ లోపలికి పంపాడు. అందరికీ పదిహేడే వస్తోంది, ఎవరికీ తృప్తి లేదు. ఈ జన్మకి వాళ్లు ఆ లెక్క మర్చిపోరు. కానీ పెద్ద మేడమ్ చూడ్డానికి వచ్చిందేదీ అందులో లేదు. పోయింది, ఉద్యోగం పోయింది, ఫ్రేములు తుడిచే గుడ్డ ఎక్కడ పెట్టానో అనుకుంటూ అద్దాలు తీసేశాను.

పొగ విడిపోయింది. చివరి బెంచీ కూడా అద్దంలా కనబడింది. పెద్ద మేడమ్ పుస్తకం చేయి చాచినంత దూరం పెట్టి, మెడ వెనక్కి లాగి, ఒక కన్ను మూసి చూస్తున్నారు.

ఆ భంగిమ నాకు తెలుసు. కిటికీ దగ్గర గాలి బాగుంటుంది.

"దొరికింది!" అన్నారావిడ లేచి. "బ్రాకెట్ బయట మూడు కాదు, ఎనిమిది! మీరెవరూ చూడలేదా? ఐదెనిమిదులు నలభై, రెండూ కలిపితే నలభై రెండు!"

తరగతి కొయ్యబారిపోయింది. లెక్కల సార్ తన పుస్తకం చూసుకున్నారు. దగ్గరగా, దూరంగా, మళ్లీ దగ్గరగా.

రెండు జడల పిల్ల లేచింది. ఆ పిల్లకి భయమన్నది పెట్టలేదు దేవుడు.

"ఎనిమిది కుదరదు మేడమ్. అల్యూమినియంకి మూడు చేతులు, రెండు అల్యూమినియంలకి ఆరు. సల్ఫేట్‌కి రెండు చేతులు, కాబట్టి సల్ఫేట్‌లు మూడే. ఎనిమిది పెడితే పది చేతులు ఊరికే గాల్లో ఊగుతాయి."

నేను చెప్పిందే. ఎప్పుడో ఒకసారి, అదీ నా మీద నాకే నమ్మకం లేకుండా చెప్పింది.

పెద్ద మేడమ్ పుస్తకం నెమ్మదిగా మూశారు. ఆ మొహంలో కదిలిందంతా నాకు అచ్చుకొట్టినట్టు కనబడింది, నా దూరం చూపు భేష్ కదా. ముందు తెల్లబోయారు. తర్వాత చుట్టూ చూశారు. తర్వాత నవ్వారు.

"కావాలనే అన్నాను. ఎవరు కనిపెడతారో చూద్దామని!"

చప్పట్లు!

జులై 25, శుక్రవారం

నియామకపు ఉత్తరం ఇచ్చారు. తీసుకుని లేవబోయి, మళ్లీ కూర్చున్నాను. ఈసారి నోరు తెరిస్తే అనుకున్న మాటే వచ్చింది.

"మేడమ్, నేను ముందు చేసినవేవీ కావాలని చేసిన తప్పులు కావండీ. నాకు అంకెలు కనబడలేదు."

ఆవిడ టేబుల్ అద్దం మీద లేని దుమ్ము తుడిచారు.

"తెలుసమ్మా. నిన్ననే తెలిసింది. ఎలా తెలిసిందో నీకూ తెలుసు. ఆ పద్ధతి మాత్రం మానకు. తప్పులు ఇంట్లో తయారుచేసుకుని రా."

"అలాగే మేడమ్."

"మీ ఆయనది కళ్లద్దాల షాపేగా? ఆదివారం తీస్తారా?"

జులై 27, ఆదివారం

పెద్ద మేడమ్ షాపుకి వచ్చారు. ఆవిడ వెళ్లిన కాసేపటికి లెక్కల సార్ వచ్చారు, ఎవరికోసమో ఫ్రేము చూడ్డానికట. కుర్చీలో కూర్చున్నది మాత్రం ఆయనే.

జనం తగ్గాక మా ఆయన నన్ను కూర్చోబెట్టారు.

"ఇది బాగుందా... ఇది బాగుందా?"

"రెండోది" అన్నాను.

ఆయన చేతిలో లెన్సు జారిపోబోయింది. "మళ్లీ మొదటిది చూపించనా?"

"అక్కర్లేదు. రెండోదే."

అత్తయ్యకి ఫోన్ చేసి మరీ చెప్పారు. ఆవిడ, "అమ్మాయికి ఒంట్లో బాగానే ఉందా?" అన్నారట.

సాయంత్రానికి అద్దాలు తయారయ్యాయి. ఇంటికొచ్చి డైరీ తెరిచాను, మొదటిసారి అద్దాలతో. నా అక్షరాలు ఒక్కోటి చింతగింజంత ఉన్నాయి. లోతు సంగతి ఇక మాట్లాడను.

పేజీ అడుగున ఉన్నది చుక్కల అంచు కాదు.

"నలభై దాటాయా? దగ్గరి చూపు ఒకసారి పరీక్ష చేయించుకోండి."

వెనక్కి తిప్పాను. జులై మూడు కింద ఉంది. నాలుగు కింద ఉంది. కళ్లు భేషుగ్గా ఉన్నాయని రాసుకున్న వాక్యానికి సరిగ్గా కింద ఉంది. ప్రతి పేజీలోనూ, రోజూ, ఓపిగ్గా చెప్తూనే ఉంది.

జులై 28, సోమవారం

మొదటిదే బాగుందేమో.